బాలింత ఎడమ కాలు

గాజువాక మెయిన్ రోడ్డు మీంచి రెండు సందులు లోపలికొస్తే ఉంటుంది మా స్కానింగ్ సెంటరు. అందులో నేను సీటీ టెక్నీషియన్‌ని. పదకొండేళ్ళుగా అదే పని. ఫ్యాక్టరీల్లో పైనుంచి పడి తలకి దెబ్బ తగిలినవాళ్ళు, కిడ్నీలో రాళ్ళతో మెలికలు తిరిగిపోయేవాళ్ళు, పొగలో పనిచేసి దగ్గు తగ్గనివాళ్ళు. రోజుకి ఇంతమంది వస్తుంటే మనుషుల మొహాలు గుర్తుండవు. "ఊపిరి పీల్చండి, బిగబట్టండి, వదలండి" అనే మాటలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

కానీ ఆ అమ్మాయి గుర్తుంది. అంతకన్నా వాళ్ళమ్మ గుర్తుంది.

ఎండాకాలం మధ్యాహ్నం. హాల్లో ముగ్గురు పేషెంట్లు ముందే వచ్చి కూర్చున్నారు. అప్పుడు ఆటోలోంచి ఒక అమ్మాయిని దింపి వీల్‌చైర్లో తీసుకొచ్చారు. ఇరవై రెండో, ఇరవై మూడో ఉంటాయి. అంత ఎండలోనూ తలకి గుడ్డ చుట్టి, చెవుల్లో దూది పెట్టి ఉంది. చూడగానే తెలిసిపోయింది బాలింత అని. వెనకాల వాళ్ళమ్మ, చేతుల్లో పసిగుడ్డు. అమ్మాయి మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటోంది. వేలికి క్లిప్పు పెట్టి చూస్తే ఆక్సిజన్ తొంభైకి కిందే ఉంది. వెంటనే ముక్కుకి గొట్టం పెట్టాను.

పురుడు పోసిన నర్సింగ్ హోమ్ నుంచి తెచ్చిన చీటీ చూశాను. ఆపరేషన్ చేసి బిడ్డని తీసి పన్నెండు రోజులు. రెండు రోజుల నుంచి ఆయాసం, గట్టిగా ఊపిరి తీస్తే కుడిపక్క పోటు, కొంచెం జ్వరం. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందేమోనని ఛాతీకి మామూలు సీటీ రాశారు. అంటే రక్తనాళాలు తెల్లగా కనపడేలా చేసే మందు, డై, ఎక్కించక్కర్లేదు. పడుకోబెట్టి రెండు నిమిషాల్లో తీసి పంపించేయొచ్చు.

"అమ్మా, దీని కాలు కూడా ఓపాలి సూడమ్మా" అంది వాళ్ళమ్మ.

నేను ఫారం నింపుతున్నాను. "చీటీలో ఛాతీకే రాశారమ్మా. మీరు పాపని తీసుకుని బయట కూర్చోండి" అన్నాను. తలెత్తి కూడా చూడలేదు. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు సిగ్గుగా ఉంది.

ఆవిడ వెళ్ళలేదు. పాపని ఒక భుజం మీదికి మార్చుకుని, ఖాళీ అయిన చేత్తో నా మణికట్టు పట్టుకుంది. పనిచేసిన చెయ్యి, గరుగ్గా ఉంది. నా చేతిని తీసుకెళ్ళి కూతురి ఎడమ పిక్క మీద పెట్టింది. తర్వాత కుడి పిక్క మీద పెట్టింది.

"నాను రోజూ నూనె రాత్తన్నాను గదా, నా సెయ్యికి తెలుత్తంది. ఇది యేడిగుంది, అది సల్లగుంది. ఇది రాయినాగుంది. ఆసుపత్రిలో సెప్తే బాలింత నీరు, తగ్గిపోద్ది అన్నారు. నీరయితే రెండు కాళ్ళకీ రావాల కాదేటి? ఒక్క కాలుకే వత్తాదా?"

నా అరచేతికి కూడా తేడా స్పష్టంగా తెలిసింది. చీర కొంచెం పైకి జరిపి చూస్తే ఎడమ తొడ కూడా లావుగా, చర్మం నిగనిగలాడుతూ ఉంది. చదువుకున్నదాన్ని, ఇంత అనుభవం ఉన్నదాన్ని, ఆ కాళ్ళు నా కళ్ళ ముందే ఉన్నా చూడలేదు.

ఆ అమ్మాయిని టేబుల్ ఎక్కించకుండా ఆపి, లోపలికి పరిగెత్తాను. మా డాక్టరుగారు స్కాన్లు చదువుతున్నారు. గోదావరి జిల్లా నుంచి ఎప్పుడో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. నెమ్మదస్తుడు. కుర్చీలోంచి లేవడమే అరుదు. నేను చెప్పింది విని వెంటనే లేచారు. వచ్చి రెండు కాళ్ళూ చూశారు, ఎడమ పిక్కని మెల్లగా నొక్కారు. అమ్మాయి కెవ్వుమంది. ఆయన పక్కకెళ్ళి నర్సింగ్ హోమ్ డాక్టరుకి ఫోన్ చేశారు. రెండు మాటల్లో తేల్చుకుని నా వైపు తిరిగారు.

"కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఉంటుందమ్మా. అందులో ముక్క తెగి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందని నా అనుమానం. మామూలు సీటీలో అది కనపడదు. డై ఎక్కించి ఊపిరితిత్తుల రక్తనాళాల స్కాన్ తీద్దాం. అదే డైతో కాళ్ళకి కూడా స్కాన్ తీసెయ్యండి, పొట్ట దగ్గర్నుంచి మోకాళ్ళ దాకా."

"కాలికి డాప్లర్ చాలదా సార్? చిన్నపిల్ల, రేడియేషను..." అన్నాను. డాప్లరంటే సిరల్లో రక్తం పారే తీరు చూసే అల్ట్రాసౌండు, దానికి రేడియేషను ఉండదు.

"ఒట్టి కాలయితే డాప్లరే చాలును. తొడ మొత్తం వాచిందంటే గడ్డ పొట్టలోకి పాకిందేమో చూడాలి. ఆపరేషన్ కుట్ల మీద నొక్కి డాప్లర్ ఎలా చేస్తాం? పైగా ఇంకో గదిలోకి తిప్పే టైము లేదు. కానివ్వండి."

హాల్లో ఉన్న ముగ్గురినీ కాస్త ఆగమన్నాను. గొణుక్కుంటారనుకున్నాను గానీ ఆ అమ్మాయి ఊపిరి తీసుకునే తీరు వాళ్ళూ చూశారు. ఒకాయన లేచి ఫ్యాను ఆమె వైపు తిప్పాడు.

ఆపరేషన్‌కి ముందు చేసిన రక్త పరీక్షల్లో కిడ్నీలు బాగానే ఉన్నాయని ఫైల్లో ఉంది. మోచేతి మడత దగ్గర కాస్త లావుపాటి సూది పెట్టాను. డై వేగంగా వెళ్ళాలి కాబట్టి చిన్న సూది పనికిరాదు. ఇదంతా చేస్తుంటే ఆ అమ్మాయి నా మొహంకేసే చూస్తోంది. కళ్ళ నిండా భయం.

నా ఊరు తగరపువలస దగ్గర. మాదీ వ్యవసాయం చేసుకునే కుటుంబమే. ఇంట్లో మాట్లాడే యాస డ్యూటీలో రానివ్వను. ఏళ్ళ తరబడి అలా అలవాటు చేసుకున్నాను. కానీ ఆ రోజు ఎందుకో దానంతటదే వచ్చేసింది.

"ఏటీ బయ్యపడిపోతన్నావు? నాను ఇక్కడే ఉంతాను గదా. సూడు, మందు ఎక్కగానే ఒళ్ళంతా యేడిగా అవుతాది. గొంతుకాణ్ణించి కిందదాకా. బట్టల్లో ఒంటేలు పోసీసినట్టుగుంటాది. పొయ్యవులే, ఉత్తినే అలగనిపిత్తాది. అందరికీ అంతే."

అంత ఆయాసంలోనూ ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. "నిజంగా పోసీస్తేనో అక్కా?" అంది.

"పోసీస్తే కడుక్కుంతాం."

వెల్లకిలా పడుకోవడం ఆమెకి కష్టమైంది. కుట్లు లాగుతున్నాయి, పడుకుంటే ఊపిరి అందడం లేదు. తల కింద, మోకాళ్ళ కింద దిండ్లు పెట్టాను. చేతులు తల పైకి ఎత్తించాను. ఊపిరి ఎక్కువసేపు బిగబట్టలేదని తెలుసు. అందుకే, "గట్టిగా లాగొద్దు, మామూలుగా తీసుకుని, నేను ఆపు అన్నప్పుడు ఆపు. అయిదు లెక్కపెట్టేలోపు వదిలెయ్యమంటాను" అని చెప్పి రెండు సార్లు సాధన చేయించాను.

నేను అద్దం వెనక్కి వచ్చి కూర్చున్నాను. డాక్టరుగారు నా వెనకే నిలబడ్డారు. డై వదిలాం. గుండె నుంచి ఊపిరితిత్తులకి వెళ్ళే పెద్ద నాళంలోకి తెల్లగా డై చేరడం స్క్రీన్ మీద కనిపించగానే మైకులో "ఆపమ్మా" అన్నాను. టేబుల్ కదిలింది. అయిపోయింది. "వదిలెయ్."

ఆమె ఊపిరి వదిలిన చప్పుడు మైకులో నాకు వినపడింది.

బొమ్మలు ఒక్కొక్కటీ వచ్చాయి. మంచి ఊపిరితిత్తులయితే రక్తనాళాలు డైతో నిండి, కొమ్మలు రెమ్మలుగా తెల్లగా మెరుస్తాయి. గడ్డ ఉన్న చోట డై వెళ్ళదు. ఆ తెలుపు మధ్యలో బూడిదరంగు మరకలా ఉంటుంది. ఆ అమ్మాయికి కుడివైపు పెద్ద కొమ్మలోనే ఉంది మరక. దాని కింద రెండు చిన్న కొమ్మల్లో ఉంది. ఎడమవైపూ ఉంది. డాక్టరుగారు గుండె దగ్గర ఆగి, గడ్డ అడ్డుపడిన ఒత్తిడికి కుడి గది ఉబ్బిందా లేదా అని కొలిచి చూశారు. "ఉబ్బింది, కానీ మరీ ఎక్కువ కాదు" అని తనలో తాను అనుకున్నట్టు అని, పెద్దాసుపత్రికి ఫోన్ చేయడానికి పక్క గదిలోకి వెళ్ళారు.

డై తిరిగి తిరిగి కాళ్ళ సిరల్లోకి రావడానికి మూడు నిమిషాలు ఆగాలి. అంతసేపు ఆ అమ్మాయి కదలకుండా పడుకోవాలి. నేను చూసింది ఆమెకి చెప్పకూడదు. చెప్పేది డాక్టరు, టెక్నీషియన్ కాదు. అందుకని మైకులో కబుర్లు చెప్పాను.

"పాపా, బాబా?"

"పాప."

"పేరేటి పెట్టినారు?"

"ఇంకా నేదక్కా. ఇరవై ఒకటో రోజున పెడతాం." ఆగి ఊపిరి తీసుకుంది. "అక్కా, నాను ఉంతానా అప్పటికి?"

అలాంటి ప్రశ్నకి మాకు నేర్పిన జవాబు, "డాక్టరుగారు చెప్తారమ్మా" అని. నేను ఆ మాట అనలేదు. "నీకేటైనాదో తెలిసిపోతంది. తెలిస్తే మందుంది. కదలకుండా పడుకో, ఇంకొక్క నిమిషం" అన్నాను. తప్పో ఒప్పో గానీ, అన్నందుకు బాధ లేదు.

రెండో స్కాన్ తీశాను. ఎడమ తొడలో సిర పొడవునా గడ్డ. గజ్జ దాటి పొట్టలోపలికి వేలెడు పైకి పాకి ఉంది. డాక్టరుగారు వచ్చి చూసి, తల ఊపి, "అంబులెన్స్ వస్తోంది. రక్తం పలచబడే ఇంజెక్షన్ ఇక్కడే ఇచ్చేద్దాం. ఆపరేషన్ చేసినావిడ కూడా సరేనంది" అన్నారు.

నేను తలుపు తీసుకుని బయటికి రాగానే తల్లి లేచి నిలబడింది. "సెప్పొద్దులే. నీ మొకం సూత్తే తెలుత్తంది" అంది.

అప్పుడే అల్లుడు వచ్చాడు. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని. షిఫ్టు మధ్యలో వదిలేసి వచ్చాడు, ఇంకా సేఫ్టీ బూట్లతోనే ఉన్నాడు. చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. డాక్టరుగారు విషయం చెప్పగానే అతను అత్తగారి మీద విరుచుకుపడ్డాడు.

"నాను సెప్తానే ఉన్నాను అత్తా! లేపి నడిపించమని డాట్రమ్మ సెప్పినాదని సెప్పినానా నేదా? గాలి తగుల్తాది, గాలి తగుల్తాదని మంచం దిగనిచ్చినావా? గుక్కెడు నీళ్ళడిగితే మూతడే పోసి ఇచ్చినావు! నువ్వే సేసినావు ఇదంతా!"

ఆవిడ పాపని ఇంకాస్త దగ్గరికి హత్తుకుని గోడకి ఆనుకుంది. "నాకూ అలగే సేసినారు బాబూ మా అమ్మోల్లు. నాకు తెలిసింది నాను సేసినాను" అంది చివరికి, వినీ వినపడనట్టు.

నా పురుడప్పుడు మా అమ్మా అంతే. చెవుల్లో దూది, నడుముకి కట్టు, దాహమంటే కాచిన నీళ్ళు రెండు గుక్కలు. ఈ మెషీను మీద పనిచేస్తూ కూడా నేను అమ్మకి ఎదురు చెప్పలేదు. నేను బాలింతగా ఉన్న నలభై రోజులూ ఆవిడ నా పక్కనే నేల మీద పడుకుంది. నేను కదిలితే లేచేది. అంత ప్రేమతో చేస్తున్నది తప్పని ఎలా చెప్తాం? నాకేమీ కాలేదు కాబట్టి మా అమ్మ మంచి అమ్మ. ఈవిడ కూతురికి ఇలా అయింది కాబట్టి ఈవిడ దోషి.

డాక్టరుగారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"బాబూ, ఇలా కూర్చో. కానుపు రోజుల్లో ఆడవాళ్ళ రక్తం మామూలు కంటే తొందరగా గడ్డకడుతుంది. అది ఒంటి నైజం, పురిటిలో రక్తం ఎక్కువ పోకుండా. దానికి ఆపరేషన్ తోడైంది. మంచం మీద ఉండడం, నీళ్ళు తక్కువ తాగడం కూడా మంచిది కాదు, కాదనను. కానీ లేచి తిరిగిన వాళ్ళకీ వస్తుంది ఇది. ఇదిగో దీని వల్లే అని ఏ ఒక్కదాన్నీ చూపించలేం. ఇంకో సంగతి విను. కాలు వాచిందని నర్సింగ్ హోమ్‌లో వాళ్ళు పట్టించుకోలేదు, మా అమ్మాయి కూడా ముందు పట్టించుకోలేదు. పట్టుకున్నది మీ అత్తగారు. ఆవిడ పట్టుబట్టకపోతే మేము నిమ్ముకి ఫొటో తీసి ఇంటికి పంపేసేవాళ్ళం."

"మా అమ్మాయి" అంటే నేనే. అందరి ముందూ అన్నారు. నాకు కోపం రాలేదు. "నిజమే, నేను వినలేదు. నా చెయ్యి పట్టుకుని మరీ చూపించారు" అన్నాను.

అతను బూటు ముక్కుతో నేల మీద గీస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి అత్తగారి దగ్గరికి వెళ్ళాడు. క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. "పిల్లని ఇలాగియ్యి, ఎంతసేపని మోత్తావు" అని చేతులు చాపాడు.

పాప ఆకలికి ఏడుపు అందుకుంది. స్ట్రెచర్ మీద పడుకున్న ఆ అమ్మాయి ఏడుపు వినగానే నా వైపు చూసింది. "పాలియ్యొచ్చా అక్కా, ఈ మందెక్కినాక?"

డై ఎక్కాక ఒక రోజు పాలు ఇవ్వకూడదని మా పాత ఫారంలో ఉండేది. అదే చెప్పబోయాను. డాక్టరుగారు వారించారు. "అది పాత మాటమ్మా. డై పాలలోకి వెళ్ళేది చాలా కొంచెం. ఇవ్వొచ్చు. ఇప్పుడు ఇచ్చే ఇంజెక్షన్ తోనూ ఇబ్బంది లేదు. ఆమె మాత్రం కదలకూడదు, లేవకూడదు."

ఇంజెక్షన్ ఇచ్చి, స్ట్రెచర్ చుట్టూ కర్టెన్ లాగాను. తల్లి పాపని కూతురి పక్కన పెట్టి, కింద పడకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి వంగి నిలబడింది. అంబులెన్స్ వచ్చే దాకా అలా వంగే ఉంది. నడుం నొప్పెడుతుందమ్మా, నేను పట్టుకుంటాను అంటే తల అడ్డంగా ఊపింది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, చేతికి సూది, ఛాతీ మీద పాలు తాగుతున్న పాప. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుంది.

అంబులెన్స్ వెళ్ళిపోయాక నేను ఆగిన ముగ్గురినీ వరసగా పిలిచి స్కాన్లు తీశాను. ఇంటికి వెళ్ళే షేర్ ఆటోలో గాని నాకు ఏడుపు రాలేదు.

ఇలాంటి పేషెంట్ల కథ చివరికి ఏమైందో మాకు సాధారణంగా తెలియదు. ఆ రోజు మాత్రం నేను అల్లుడి నంబరు అడిగి తీసుకున్నాను. మూడో రోజు ఫోన్ చేస్తే ఐసీయూలో ఉంది, మాట్లాడుతోంది అన్నాడు. పదకొండో రోజున వార్డులోకి మార్చారని అతనే ఫోన్ చేశాడు. పేరు పెట్టే రోజు ఆసుపత్రిలోనే గడిచిపోయిందట. అత్తగారు పాపని తీసుకుని రోజూ రెండు బస్సులు మారి, కూతురి చేత పాలిప్పించడానికి వెళ్ళేదట. ఆ మాట చెప్తున్నప్పుడు అతని గొంతు మెత్తబడింది.

అప్పట్నుంచి ఆయాసమని ఎవరొచ్చినా, చీటీలో ఏం రాసి ఉన్నా, రెండు కాళ్ళూ చూపించమంటాను. కొందరు విసుక్కుంటారు. ఛాతీ నొప్పంటే కాళ్ళు చూస్తావేంటమ్మా అంటారు. అయినా చూస్తాను. పక్కనున్న ముసలివాళ్ళు ఏమన్నా చెప్తుంటే పెన్ను కింద పెట్టి వింటాను. ఎక్కువసార్లు అందులో ఏమీ ఉండదు. విన్నందుకు నాకు పోయేదీ ఏమీ లేదు.

ఆరు నెలల తర్వాత వాళ్ళు ముగ్గురూ వచ్చారు, తల్లీ కూతురూ పాపా. డాప్లర్ కోసం. రక్తం పలచబడే మాత్రలు ఇంకా వాడాలో మానెయ్యాలో చూడమన్నారట. ఆ అమ్మాయి నడిచే వచ్చింది. ఎడమ కాలికి బిగుతు మేజోడు ఉంది. సాయంత్రమయ్యేసరికి ఇంకా కొంచెం వాస్తుందని, ఎక్కువసేపు నిలబడలేనని చెప్పింది. డాక్టరుగారు చూసి గడ్డ చాలావరకు కరిగిందన్నారు. సిర లోపల చిన్న మచ్చలా మిగిలిందట. అది అలాగే ఉండిపోవచ్చట.

వెళ్ళబోతూ తల్లి నా దగ్గర ఆగింది. "అప్పుడు తీసినావే, ఆ పొటో ఉందా? ఓపాలి సూపించమ్మా."

కూతురు సరేనంది. డాక్టరుగారు తలూపారు. పాత స్కాన్ తెరిచి, ఆవిడని నా కుర్చీలో కూర్చోబెట్టాను. కుడి కొమ్మలో ఉన్న బూడిదరంగు మరక చూపించాను.

"ఇదేనమ్మా."

ఆవిడ కళ్ళు చిట్లించి చాలాసేపు చూసింది. "ఇంతేనా? ఇంత సిన్నదా?" అంది. నమ్మలేనట్టు తన చిటికెన వేలు పక్కన పెట్టి చూసుకుంది. తర్వాత ఆ వేలు మెల్లగా కిందికి జరిగింది. "మరిదేటి, ఇంత పెద్దదిగుంది?"

"అది గుండె. మీ అమ్మాయి గుండె."

ఆవిడ వెనక్కి తిరిగి కూతురిని చూసింది. మళ్ళీ స్క్రీన్ చూసింది. చీర చెంగుతో చెయ్యి తుడుచుకుని, స్క్రీన్ మీద గుండె ఉన్న చోట అరచెయ్యి ఆనించింది. నేను ఆ స్క్రీన్‌ని ఎవరినీ ముట్టుకోనివ్వను, మరకలు పడతాయని. ఆవిడని ఆపలేదు.